రెండు బహుమతులు, ఒక 'బలగం'

ఏటేటా ప్రకటించే సినిమా బహుమతుల పట్టికను మనం చూడవలసిన తీరు వేరు. ఏ నటుడికి ఏ గౌరవం దక్కిందన్నది మనకంత ముఖ్యం కాదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఏ తెలుగు చిత్రం చూడాలన్నదే ముఖ్యం. మలేసియాలో పుట్టిన మన పిల్లల్లో చాలామందికి ఇల్లు దాటితే తెలుగు వినిపించేది సినిమాలోనే కదా!

2023 నాటి చిత్రాల విషయంలో రెండు తీర్పులు వచ్చాయి. 1964లో మొదలైన నంది బహుమతులు 2016 చిత్రాల తరువాత నిలిచిపోగా, తెలంగాణ ప్రభుత్వం ప్రజాగాయకుడు గద్దర్ పేరిట కొత్తవి నెలకొల్పి, 2025 జూన్ 14న హైదరాబాదులో అందజేసింది. అందులో 2023కు ఉత్తమ చిత్రం వేణు ఎల్దండి తీసిన 'బలగం'. అదే సంవత్సరం సెప్టెంబరు 23న ఢిల్లీలో ఇచ్చిన 71వ జాతీయ బహుమతుల్లో ఉత్తమ తెలుగు చిత్రం 'భగవంత్ కేసరి'. 'బలగం'లో పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు మాత్రం అక్కడ ఉత్తమ గీతరచయిత గౌరవం లభించింది.

'భగవంత్ కేసరి'ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆడపిల్ల ధైర్యంగా నిలబడాలన్న మంచి మాట అందులో ఉంది. అయితే ఆ కథను పేర్లు మార్చి ఏ భాషలోనైనా చెప్పవచ్చు. 'బలగం' అలాంటిది కాదు. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఎప్పుడో భోజనాల దగ్గర నల్లిబొక్క కోసం వచ్చిన మాటపట్టింపుతో కొడుకు, అల్లుడు ఏళ్ల తరబడి విడిపోయి ఉన్నారు. ఆ మాటలు, ఆ అలకలు, చివర వినిపించే జానపదుల పాట తెలుగు పల్లెలోనే పుడతాయి. భాష పేరుతో ఇచ్చే బహుమతికి ఇదే కొలబద్ద కావాలి. ఢిల్లీ వారు పాటను గుర్తించి, ఆ పాటను కన్న కథను వదిలేశారు.

హైదరాబాదు వారి ఎంపిక సరైనదే. కానీ 2014 మొదలు పదేళ్ల ఉత్తమ చిత్రాలను, 2024 బహుమతులతో కలిపి ఒకే సాయంత్రం ఇచ్చేస్తే చిన్న చిత్రం పేరు ఎవరి చెవిన పడుతుంది? ఏడాదికేడాది ఇస్తేనే దూరాన ఉన్న మనకు దారి తెలుస్తుంది.

మా తాతగారి పెద్దకర్మనాడు రబ్బరు చెట్ల కింద విస్తరి పెట్టి కాకి కోసం ఎదురుచూసిన సంగతి నాకింకా గుర్తుంది. ఆయన తన బలగాన్ని సముద్రానికి ఆవల వదిలి ఒప్పందం మీద వచ్చిన మనిషి. ఈ చిత్రంలోని తెలంగాణ యాస మన ఇంటి మాటకు కొంత దూరం. అయినా మన సంఘాల వారు ఒక ఆదివారం దీన్ని ప్రదర్శించి, తెలియని మాటలను పెద్దలచేత పిల్లలకు చెప్పించాలని నా మనవి.