రెండు ఖాళీ రోజులు

హైదరాబాద్ నుంచి శ్రీనగర్‌కి దారి ఎవర్నీ అడగక్కర్లేదు. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ దాటుకుంటూ అదే రోడ్డు కాశ్మీర్ లోయ దాకా తీసుకుపోతుంది. అక్కణ్నుంచి లేహ్ ఇంకో 420 కిలోమీటర్లు. రోడ్డు ఇంత తిన్నగా ఉండబట్టేనేమో, లడఖ్ ప్రయాణమంటే బండి ఎక్కి కూర్చోవడమే అనుకుంటారు చాలామంది.

ఏటా ఎండలు ముదిరేసరికి ఎవరో ఒక కుర్రాడు వచ్చి, "అన్నా, లడఖ్ పోదామనుకుంటున్నం, ఏమేం కొనాలె?" అని అడుగుతాడు. జాకెట్టు, బూట్లు, హెల్మెట్ మీద బిగించే కెమెరా, నీళ్లు దిగని బ్యాగులు అంటూ జాబితా వాడి ఫోన్లోనే ఉంటుంది. నేను మాత్రం సెలవు ఎన్ని రోజులు దొరికిందని అడుగుతాను. వస్తువులు తక్కువై చెడిపోయిన ప్రయాణాలు అరుదు. రోజులు తక్కువై చెడిపోయినవే ఎక్కువ.

నా లెక్క ఇది. నాలుగు వరసల రోడ్డు మీద కూడా రోజుకు 400, మహా అయితే 450 కిలోమీటర్లు. మొదటిరోజు నాగపూర్ 500 పడుతుంది, ఒళ్లు తాజాగా ఉంటుంది కాబట్టి పరవాలేదు. రెండో రాత్రి సాగర్, మూడోది ఆగ్రా, నాలుగోది అంబాలా, ఐదోది జమ్మూ, ఆరోది శ్రీనగర్. ఇంకా ఎక్కువ తోలగల బండ్లున్నాయి, తోలేవాళ్లూ ఉన్నారు. కానీ రోజంతా గాలి ఛాతీకి కొట్టీ కొట్టీ, సాయంత్రమయ్యేసరికి కళ్లు రోడ్డు మీదే ఉన్నా చూపు ఆనదు. సరిగ్గా ఆ వేళకే వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు మీద పడుకున్న బర్రెలు ఎదురవుతాయి. అందుకే పొద్దు పొడిచాక బయల్దేరడం, పొద్దు గూకేలోపు గది చూసుకోవడం అనే నియమాన్ని నేను సడలించను. రోజుకు ఎంత దూరమో తేల్చేది వెలుతురే.

ఈ లెక్కన పోనూ రానూ, లేహ్‌లో ఒంటిని ఎత్తుకు అలవాటు చేసే రెండు రోజులతో కలిపి మూడు వారాలు పడుతుంది. అందులో రెండు రోజులు ఏ ఊరి పేరూ రాయకుండా ఖాళీగా వదలాలి. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. రాంబన్ దగ్గర కొండచరియ విరిగిపడితే జమ్మూ–శ్రీనగర్ దారి పూటల తరబడి ఆగిపోతుంది. లేహ్–మనాలీ దారిలో బారాలాచా కనుమ మీద వేళ కాని వేళ మంచు పడుతుంది. ఖాళీ రోజు చేతిలో ఉన్నవాడు టీకొట్టు దగ్గర బండి ఆపి కూర్చోగలడు. లేనివాడు సోమవారం ఆఫీసు గుర్తుకొచ్చి తడిబట్టలతో చీకట్లో ఘాటు దిగుతాడు. నాకు భయం కలిగించేది ఈ రెండోవాడి తొందరే. 1952లో చే గువేరా, అతని మిత్రుడు అల్బెర్తో గ్రనాదో బయల్దేరిన పాత నార్టన్ బండి చిలీలోనే చేతులెత్తేసింది. వాళ్లు లారీలెక్కి, ఓడలెక్కి మిగతా ఖండం చూశారు. బండి పోయినా ప్రయాణం మిగిలిందంటే వాళ్ల చేతిలో నెలలున్నాయి కనుక.

మూడు వారాలు దొరకనివాళ్లకు రైలుంది. సికింద్రాబాద్ పార్సిల్ ఆఫీసులో బండి ఢిల్లీకి వేసి, అక్కణ్నుంచి తోలుకుపోవచ్చు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి, ఆర్‌సీ నకలు ఇవ్వాలి, గోనెసంచులు చుట్టించాలి. నాగపూర్ ఎండ, ఝాన్సీ దుమ్ము తప్పిపోయాయని ప్రయాణం విలువేమీ తగ్గదు. రైలెక్కించడం చిన్నతనమనుకునేవాళ్లతో నాకు పొత్తు కుదరదు.

ఏ నెలలో పోవాలన్నది రెండో ప్రశ్న. జూన్ మొదట్లో పోతే ఆదిలాబాద్, నాగపూర్ మధ్య 45 డిగ్రీల ఎండ కొత్తేమీ కాదు. తర్వాతి వారానికి అదే మనిషి మంచు అంచున ఉంటాడు. జూలై, ఆగస్టుల్లో హిమాచల్ కొండలు వానకు కరుగుతాయి. నా ఓటు సెప్టెంబరుకే. బయల్దేరేటప్పుడు తెలంగాణలో, మధ్యప్రదేశ్‌లో వాన తప్పదు, అయితే వానకు రెయిన్‌కోటు ఉంది. పైన కొండల్లో ఆకాశం తేటగా ఉంటుంది, మంచు కరిగి రోడ్డు మీదికి వచ్చే వాగులు కూడా అప్పటికి తగ్గుతాయి. జూన్‌లోనే పోక తప్పనివాళ్లు ఆ వాగుల్ని పొద్దున్నే దాటాలి, ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి.

శ్రీనగర్ వైపు నుంచి ఎక్కి మనాలీ వైపు దిగమనడానికి నాకు గట్టి కారణం ఉంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు. ఆ గాలికి అలవాటుపడ్డ ఒంటిని శ్రీనగర్ దారి మెల్లగా ఎత్తుకు తీసుకెళ్తుంది. జోజీ లా కనుమ 3,528 మీటర్లు, రాత్రి పడుకునే కార్గిల్ 2,676, మర్నాడు ఫోతూ లా 4,108, ఆపైన లేహ్ 3,500. మనాలీ నుంచైతే రెండో రోజుకే 4,800 మీటర్లు దాటిన కనుమ ఎక్కి, 4,200 పైన ఉన్న సర్చూలో నిద్రపోవాల్సి వస్తుంది. తలనొప్పి, వాంతులు, నడకలో తూలు కనిపిస్తే ఆ రాత్రికి మందు ఒక్కటే, కిందికి దిగడం. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ బిళ్ల గురించి బయల్దేరకముందే డాక్టరును అడగాలి, తోటి ప్రయాణికుడి జేబులోంచి తీసుకుని వేసుకోకూడదు.

బండికీ ఊపిరి ఆడదు. 5,328 మీటర్ల తంగ్‌లంగ్ లా మీద గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో సుమారు సగమే. కార్బ్యురేటర్ బండ్లకు గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువై ప్లగ్గు నల్లబడుతుంది. 2020 తర్వాతి బీఎస్6 బండ్లు పెట్రోలు పాళ్లు తామే సర్దుకుంటాయి, కానీ లేని గాలిని తేలేవు, లాగే శక్తి తగ్గుతుంది. మైలేజీ కూడా పడిపోతుంది. మనాలీ వైపు తాండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని చెప్పే బోర్డు ముందు ఫొటో దిగనివాడు లేడు. మనం ఎదురు దిక్కునుంచి వస్తున్నా లెక్క అదే. 13 లీటర్ల ట్యాంకు, కనుమల్లో లీటరుకు 27 ఇచ్చిందనుకున్నా 351. లేహ్ దాటాక కారూ అనే ఊళ్లో మళ్లీ నింపితే ముప్పై పైచిలుకు కలిసొస్తుంది, అయినా దాన్ని నమ్ముకోలేం. ఐదు లీటర్ల పెట్రోలు క్యాను వెంట ఉండాలి. నీళ్ల సీసాల్లో పోసుకునే అలవాటు మానుకోవాలి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పని మెకానిక్ దగ్గర గడిపే శనివారాలు. బయల్దేరడానికి నెల ముందే సర్వీసింగ్ చేయిస్తాను, కొత్తగా వేసిన సామాను తేడా చేస్తే ఇంటి దగ్గరే తెలియాలి కదా. సర్వీసింగ్ అయ్యాక అసలు పాఠం మొదలవుతుంది. "భాయ్, క్లచ్ వైరు నేను మారుస్తా, నువ్వు పక్కన నిలబడి చూడు" అంటే మా మెకానిక్‌కి నచ్చదు. "సార్, మీరెందుకు చేతులు ఖరాబ్ చేసుకుంటరు, ఐదు నిమిషాల్ల నేను కొట్టిస్త" అంటాడు. "అక్కడ నువ్వుండవు కదా భాయ్" అంటే ఆలోచనలో పడి, పానా నా చేతికిస్తాడు. కొత్త క్లచ్ వైరును పాతదాని పక్కనే పరిచి టేపు చుట్టి ఉంచమని నేర్పింది ఆయనే. పాతది తెగితే రెండు కొసలు తగిలిస్తే చాలు, వణికే వేళ్లతో వైరు మొత్తం దూర్చే పని తప్పుతుంది. క్లచ్, బ్రేకు లివర్ల బిగింపు కొంచెం వదులుగా ఉంచితే బండి పడ్డప్పుడు లివరు తిరుగుతుంది, విరగదు. చైన్‌కి 500 కిలోమీటర్లకోసారి ఆయిల్ పట్టించి, వేలితో ఎత్తి వదులు చూసుకోవాలి. ట్యూబు టైర్ల బండైతే వెనక చక్రం విప్పి ట్యూబు మార్చడం ఇంటిముందు చేసి చూడాలి. చేత్తో ఒకసారి చేసిన పని కొండ మీద గుర్తొస్తుంది, వీడియోలో చూసింది గుర్తురాదు.

సామానంతా కట్టాక శ్రీశైలం పోయిరావాలి. మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటుంది, కాబట్టి ఆరింటికి గేటు దగ్గరుండేలా వెళ్తే నల్లమల మలుపులన్నీ పొద్దుటి చల్లదనంలోనే అందుతాయి. బరువు ఎటు లాగుతోందో, తాడు సైలెన్సరుకు ఎక్కడ తగులుతోందో, వంగినప్పుడు ఏ బ్యాగు జారుతోందో ఆ మలుపులే చెప్తాయి. బరువైనవి కిందికి, తోలేవాడికి దగ్గరగా ఉండాలి. తిరిగొచ్చాక బ్యాగులు విప్పి, తెరవని వస్తువులన్నీ పక్కన పెట్టి చూస్తే వాటిలో సగం ఇంట్లో వదలొచ్చు. పానాలు, మందులు, రెయిన్‌కోటు మాత్రం తెరవకపోయినా రావాల్సిందే.

చివరిది ఇంటివాళ్ల సంగతి. ఏ రాత్రి ఏ ఊరు, బండి నంబరు, ఇన్సూరెన్స్ నంబరు, రక్తం గ్రూపు, వెంట వచ్చేవాళ్ల ఫోన్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాలి. మన ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూ కాశ్మీర్‌లో, లడఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్‌కి ముందే మార్చుకోవాలి. లేహ్ నుంచి మనాలీ దారిలో అదీ చాలా దూరం పలకదు. ఆ రెండు రాత్రులు ఫోన్ రాదని, కీలాంగ్ చేరాక చేస్తానని అమ్మకో భార్యకో ముందే చెప్పి పెట్టాలి. కీలాంగ్‌లో బండి ఆపాక ముందు ఆ ఫోన్, తర్వాతే టీ.