పోస్టు చెయ్యని పేజీలు

ఒక జ్ఞాపకాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టేశామంటే దాని పని అక్కడితో అయిపోతుంది. నలుగురూ చదువుతారు, బాగుందంటారు, "మా తాతగారూ అంతేనండీ" అని ఒకరు కలుపుతారు. రాసినవాడి కడుపు నిండిపోతుంది. మర్నాడు అదే జ్ఞాపకాన్ని పుస్తకంలోకి తేవాలని కూర్చుంటే కలం కదలదు. చెప్పాలన్న దాహం తీరిపోయాక మళ్లీ చెప్పడానికి ఏం మిగులుతుంది? సోషల్ మీడియా నుంచి నేను తప్పుకోవడానికి అసలు కారణం ఇదే. అందులో పోయిన కాలం గురించిన బెంగ దీని తర్వాతదే.

కాలం సంగతీ చిన్నదేం కాదు. 2018లో అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు డబ్బిచ్చి మరీ కొంతమంది చేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించారు. ఒక్కొక్కరికి రోజుకు దాదాపు గంట మిగిలింది. ఆ గంటలో వాళ్లు టీవీ ఎక్కువ చూశారు, ఇంట్లోవాళ్లతోనూ స్నేహితులతోనూ కాస్త ఎక్కువ గడిపారు. మంచిదే. కానీ గంట చేతికొచ్చినంత మాత్రాన అది రాతలోకి పోదు. రాయాల్సింది ముందే మనసులో పడి ఉండాలి.

నాకు ఉంది. బీఎన్ఆర్ బండెక్కి పశ్చిమ బెంగాల్‌లోని మా ఖరగ్‌పూర్‌కు వచ్చిన తెలుగువాళ్ల కథ రాయాలని ఎన్నాళ్లనుంచో కోరిక. బీఎన్ఆర్ అంటే 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. అదే ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా, వర్క్‌షాపు ఊరుగా పెంచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల నుంచి జనం ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్‌లుగా వచ్చి చేరారు. క్వార్టర్లలో పిల్లల్ని కని పెంచి, రిటైరయ్యాక కొందరు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. తాల్‌బగీచాలో మా ఇల్లూ అలాంటిదే. బజారులో చేపల బేరం బెంగాలీలో ఆడి, గుమ్మం దాటగానే శ్రీకాకుళం యాసలోకి వచ్చేస్తాం. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సంతోషంలోనే ఒక భయం కూడా పుట్టింది. హోదా వచ్చిన భాషలో మా బతుకులు రాసిన పుస్తకాలు ఎన్ని ఉన్నాయని?

ఖరగ్‌పూర్ పేరెత్తితే ఫోన్ల మధ్య తిరిగే వాక్యం ఒకటే, ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం మాదని. 1,072.5 మీటర్లున్న ఆ ప్లాట్‌ఫాంను 2013లో గోరఖ్‌పూర్ దాటేసింది, 2023లో హుబ్బళ్లి ఆ రెండింటినీ దాటేసింది. అయినా ఆ వాక్యం ఆగదు, ఎందుకంటే పంచుకోవడానికి అది సుళువు. ఆ ప్లాట్‌ఫాం మీద దిగిన మనిషి ఎవరు, మూటలో ఏం తెచ్చుకున్నాడు, మొదటి రాత్రి ఎవరి పంచన పడుకున్నాడు అన్నవి మాత్రం ఎక్కడా తిరగవు. వాటిని కనుక్కోవాలంటే నెలలు పడుతుంది, పోస్టు అన్ని నెలలు ఆగదు. పైగా పోస్టుకి మొదటి వాక్యంలోనే ఆకట్టుకోవాలనీ చివర కంట తడి పెట్టించాలనీ ఒక ఒరవడి పడిపోయింది. ఆ ఒరవడిలో చెప్పిన మా తాత కథ తిరిగి చూసుకుంటే అందులో మా తాత తక్కువగా, చదివేవాళ్ల మెప్పు ఎక్కువగా కనిపించింది.

మావాళ్లు బయల్దేరిన నేల మీదే ఇందుకు భిన్నంగా బతికిన రచయితలున్నారు. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. పేరొచ్చిన నాటకాన్ని అంతటితో వదలకుండా ఆయన మళ్లీ రాసి 1909లో ఇంకో పుస్తకం అన్నంతగా మార్చారు. ఈనాడు మనం చదువుతున్నది ఆ రెండోదే. కాళీపట్నం రామారావు మాస్టారి సంగతి నాకు ఇంకా దగ్గరగా తోస్తుంది. తను రాస్తున్న కథలు తనకే చాలలేదనిపించి, కొన్నేళ్లు ఆయన కథ రాయడమే ఆపేశారు. ఆ మౌనం తర్వాత, 1964లో 'యజ్ఞం' వచ్చింది. ఒక అప్పు తగవును పట్టుకుని ఊరి బతుకంతా లోపల్నుంచి విప్పిన కథ అది. మా ఇళ్లలో చెప్పుకునే వలసల్లో చాలా వాటికి మొదలు అలాంటి అప్పే. ఆ ఏళ్లలో వారానికో మాట నలుగురి ముందూ పెట్టుకుంటూ ఉంటే మాస్టారికి ఆ కథ దక్కేదా అని నాకు గట్టి అనుమానం.

తప్పుకున్నందుకు పోగొట్టుకున్నదీ ఉంది. ఎక్కడెక్కడో స్థిరపడిన ఖరగ్‌పూర్ పిల్లలు పాత ఫొటోలు, రైల్వే పాసులు పంపేవాళ్లు. ఆ దారి సన్నబడింది. ఇప్పుడు నేనే ఇళ్లకి వెళ్తున్నాను. నోటుబుక్కులో ఎడమ పేజీ విన్నదానికి, కుడి పేజీ రాసుకున్నదానికి. తెలియనిచోట ఖాళీ వదిలేస్తాను. ఇక్కడి నింపురాలో ఒక పెద్దావిడ, వరసకి నాకు పిన్ని, మొదట్లో "అవన్నీ ఏటికి బాబూ, ఎవులు సదువుతారు?" అని కొట్టిపారేసేది. ఫోను తియ్యకుండా కూర్చున్నానని గమనించాకో ఏమో, ఒక సాయంత్రం తనంతట తనే మొదలుపెట్టింది. మాట మధ్యలో ఆగి చాలాసేపు ఊరుకుంటుంది. ఆ ఊరుకున్న చోటు దాటాక వచ్చేదే నాకు కావలసినది.

ప్రస్తుతం నేను 1927 దగ్గర ఉన్నాను. ఉద్యోగాల కోత మీద ఆ ఏడు వర్క్‌షాపులో పెద్ద సమ్మె నడిచింది. ఆ రోజుల్లో బీఎన్ఆర్ కార్మిక సంఘాన్ని నడిపినవాళ్లలో వి.వి. గిరి ఉన్నారు. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. పుస్తకాల్లో దొరికేది అంతవరకే. జీతం లేని ఆ నెలల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఇళ్లలోనే దొరకాలి. "మా మావఁగారి అయ్య ఊరెల్లిపోయి కోతలు కోసి బియ్యం అట్టుకొచ్చీవోడట" అంటుంది పిన్ని. అదే వరస క్వార్టర్లలో పుట్టిన ఇంకో ఆయన, ఒక్కరు కూడా ఊరు వదల్లేదనీ, బజారు కొట్టువాళ్లు అరువిచ్చి నిలబెట్టారనీ తన తాత చెప్పినట్టు చెబుతాడు. రెండూ ఎడమ పేజీలో ఉన్నాయి. ఏది నిజమో తేల్చడానికి ఇంకో ఇద్దరు ముగ్గురు పెద్దల్ని కలవాలి, వాళ్లలో ఒకరు పలాసలో కొడుకు దగ్గర ఉన్నారు. దసరా సెలవుల్లో వెళ్లివస్తాను. అంతవరకు కుడి పేజీ ఖాళీగానే ఉంటుంది.