గబ్బిలమూ నేనూ

జాషువా 'గబ్బిలం' (1941) నేను మొదట మార్కుల కోసం చదివాను. కాళిదాసు 'మేఘసందేశం' పక్కన పెట్టి నాలుగు పోలికలు రాస్తే సరిపోయేది. ఆ యక్షుడికి పెళ్ళాం మీద బెంగ. మనవాడికి ఆకలి. కాశీలో శివుడికి తన బతుకు చెప్పుకోవాలి. గుళ్ళోకి వాణ్ణి రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అందుకే దాన్ని పంపాడు. క్లాసులో ఈ తేడా ఎవరూ విప్పి చెప్పలేదు.

డీయస్సీలో ఉద్యోగమొచ్చిన ఎనిమిదేళ్ళకి మళ్ళీ చదివాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఉద్యోగం వచ్చేదాకా దారి తెలుసు. తర్వాతేంటో తెలీలేదు. లోను కట్టడం, ఇంక్రిమెంటు లెక్కేసుకోవడం, అంతే. టౌన్లో అద్దెకు దిగినప్పుడు "మీరేమిటోళ్ళండీ?" అని ఇల్లుగలాయన అడిగితే "టీచర్నండీ" అన్నాను.

అన్నాళ్ళూ ఆ కావ్యంలో కబురు పంపినవాణ్ణి నేననే అనుకున్నా. కాదు. అంబేడ్కర్ పుణ్యమా అని లోపలికి పోగలిగినవాణ్ణి, గబ్బిలాన్ని. స్టాఫ్‌రూములో నాకూ ఓ కుర్చీ ఉంది. ఆఫీసుల్లో "మాస్టారూ" అంటారు. చెవి దగ్గరే వేలాడుతున్నాను గానీ నోరు విప్పిందెప్పుడు?

జాషువాతో నా పేచీ ఇక్కడే. పూజారి లేనప్పుడు చూసి చెప్పమంటాడు. ఆయనా బడిపంతులుగా చేసినవాడే, అవమానాలు మింగినవాడే. ఆ రోజుల్లో అది ఎత్తుగడ, కాదనను. కానీ అంతకు ముందే, 1927లో, మహద్ చెరువుకి జనం ఎవరినీ పంపలేదు. తామే పోయి నీళ్ళు తాగారు. కారంచేడు (1985), చుండూరు (1991) కథలు వింటూ పెరిగిన నేను కూడా పూజారి లేని వేళ కోసం కాచుక్కూర్చుంటే ఎట్లా?

పోయిన ఎండాకాలం మా పేట శ్మశానం దారికి అడ్డంగా కంచె వేశారు. కుర్రాళ్ళు అర్జీ రాసిపెట్టమన్నారు. మంచి భాషలో రాసిచ్చాను. అమ్మకి చదువు రాదు. కాయితం అటూ ఇటూ తిప్పి, "ఇందులో నీ పేరెక్కడుందిరా?" అంది. సర్వీసు రూల్సని ఏదో చెప్పబోయాను.

"మీ నాయన్ని మోసుకెళ్ళింది ఆ దారినే గదా."

అర్జీ మళ్ళీ రాశాను. మొదటి సంతకం నాది. సెలవు పెట్టి, సోమవారం అందరితో పాటు తాసిల్దారాఫీసుకి పోయాను. కంచె ఇంకా తియ్యలేదు. వచ్చే సోమవారం మళ్ళీ పోతున్నాం.