లోపలి ఫోల్డరు మొరాయించినప్పుడు

సబ్‌వర్షన్‌లో కమిట్ చేయుట అందరికిని వచ్చును. ఆ కమిట్ ఏల ఆగిపోయెనో ఓపికతో విచారించుట వేరొక విద్య. ఆ విద్యకు మన కార్యాలయములలో దక్కవలసిన గౌరవము దక్కుట లేదని నా అభిప్రాయము. నానక్‌రామ్‌గూడలో విప్రో సర్కిల్ సమీపమున నేను పనిచేయుచోట క్రొత్త ప్రాజెక్టులన్నియు గిట్‌లో నడచుచున్నను, ఏండ్ల నాటి కోడు నేటికిని సబ్‌వర్షన్ ఆశ్రయముననే ఉన్నది.

మొన్న మా జట్టులోని యువకుడొకడు తన లాప్‌టాపు తెచ్చి నా బల్లమీద పెట్టి, "అన్నా, ఇందాక ఈ ఫోల్డర్ల ఫైల్ కమిట్ చేసింది నేనే. ఇప్పుడు ఫోల్డర్ తీసేస్తుంటే అవుట్ ఆఫ్ డేట్ అంటదేంది?" అని అడిగెను. సహేతుకమైన ప్రశ్న. రిపోజిటరీ 100వ రివిజనులో ఉండగా లోపలి ఫోల్డరులోని ఒక ఫైలును మార్చి కమిట్ చేసితిమనుకొందము. ఆ ఫైలు 101కి చేరును గాని, ఫోల్డరు మాత్రము మన యంత్రములో 100 వద్దనే నిలిచియుండును. ఏలయన, ఈలోపల ఇతరులు అందులో ఏమి చేర్చిరో, ఏమి తీసివేసిరో అప్‌డేట్ చేసి తెలిసికొననంతవరకు, ఆ ఫోల్డరును సమగ్రముగా ఎరిగినవారమని సబ్‌వర్షన్ మనలను అంగీకరింపదు. కావుననే అట్టి స్థితిలో ఫోల్డరును తొలగింపబోయినను, దాని ప్రాపర్టీలను మార్చబోయినను కమిట్ నిరాకృతమగును. అప్‌డేట్ చేసి, వచ్చిన మార్పులను చదివి, పిమ్మట కమిట్ చేసినచో పని నెరవేరును. మనము చూడనైనను చూడని తోటివాని శ్రమ మన చేతిలో నశింపకుండుటకే ఈ నిరాకరణ. దీనిని నేను ఆ పనిముట్టునందలి ఉత్తమ గుణముగా భావింతును.

2011 అక్టోబరులో సబ్‌వర్షన్ 1.7 వెలువడువరకు చిక్కు ఇంకను గాఢముగా నుండెడిది. పూర్వము ఊరికొక పట్వారీ ఉన్నట్లు, ప్రతి లోపలి ఫోల్డరునందును కంటికి కనబడని లెక్కల ఫోల్డరు ఒకటి ఉండెడిది. దానిని చెరిపినచో ఆ శాఖ అంతయు కమిట్‌కు పనికిరాకుండ పోయెడిది. వేరొక ప్రాజెక్టునుండి ఫోల్డరును ఎక్స్‌పోర్ట్ చేయక యథాతథముగా కాపీ చేసినచో, పాత చిరునామా వెంటవచ్చి, అందుండి చేసిన కమిట్ పాత ప్రాజెక్టునకే చేరెడిది. 1.7తో ఆ లెక్కలన్నియు పైఫోల్డరులోని ఒకే ఎస్‌క్యూలైట్ డేటాబేసునకు మారినవి. గిట్‌లోను ఈ జాతి చిక్కు లేకపోలేదు: ఒక రిపోజిటరీలోపల మరియొక రిపోజిటరీని ఉంచి యాడ్ చేసినచో, బయటిది లోపలి ఫైళ్లను గాక ఒక కమిట్ గుర్తును మాత్రమే దాచుకొనును, క్లోన్ చేసికొన్నవారికి అచ్చట దొరకునది ఖాళీ ఫోల్డరు.

ఎర్రర్ కనబడినంతనే ఫోల్డరునంతయు తొలగించి మరల చెకౌట్ చేయు అలవాటు మనలో ప్రబలినది. కమిట్ కాని మార్పులును, యాడ్ చేయని ఫైళ్లును దానితో పోవును. సీనియర్లకు నా విన్నపమొక్కటే: జట్టులో క్రొత్తగా చేరినవారికి మొదటి వారముననే స్టేటస్ చదువుట, ఇన్ఫోలో చిరునామా సరిచూచుట, మధ్యలో ఆగిన పనివలన పడిన లాక్‌ను క్లీనప్‌తో విడిపించుట, ప్రక్కన కూర్చుండి నేర్పుడు.