విత్తనానికి బెల్లం పూత

మే నెల వచ్చింది. డబ్లిన్‌లో మా పెరటి మడి అలసందలకు సిద్ధంగా ఉంది. కాలిఫోర్నియాలోని ఈ ఊళ్లో తెలుగువాళ్లకు కొదవ లేదు. కలిసినప్పుడల్లా మాట మట్టి దగ్గరికే వస్తుంది: తడిస్తే జిగట, ఎండితే నెర్రెలు. ఎరువు బస్తా కొనే ముందు, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బాక్టీరియాతో విత్తనశుద్ధి చేసి చూడమంటాను నేను.

చిన్న బెల్లంముక్క నీళ్లలో మరిగించి, పూర్తిగా చల్లారనిస్తాను. వేడిమీద కలిపితే బాక్టీరియా చచ్చిపోతుంది. పళ్లెంలో అలసందలు పోసి, చెంచాడు బెల్లంనీళ్లు చిలకరించి, నల్లటి రైజోబియం పొడి (కల్చర్) చల్లి, వేళ్ల కొసలతో తిప్పుతాను. గింజ గింజకూ పలచగా నలుపు పట్టగానే ఆపేయాలి. పోయినేడు నేను ఆపలేదు. ఇంకా బాగా పట్టాలని నీళ్లు ఎక్కువ పోశాను. కాసేపటికే పైపొర ముడతలు పడి ఉబ్బింది, ఆరాక చిట్లింది. సగం గింజలు మొలవలేదు. గింజే పాడయ్యాక ఎంత మంచి కల్చరైనా ఏం చేస్తుంది?

మా నాయన కదిరి దగ్గర శెనక్కాయ వేసేవాడు. విత్తనాలను గోనెపట్టా మీద పోసి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని మెల్లగా దొర్లించేవాళ్లు. చేత్తో రుద్దనిచ్చేవాడు కాదు. "పొర పోతే భూమిలో కుళ్లుతాది, ముక్కు విరిగితే మొలవదు" అనేవాడు. తెగులు మందు ముందు, అది ఆరాక కల్చర్ చివర. ఎకరా విత్తనానికి 200 గ్రాముల పొట్లం. ఆరబెట్టేది నీడలోనే.

1888లో హాలండ్ శాస్త్రవేత్త బైజరింక్ వేరుబుడిపెల్లోంచి ఈ బాక్టీరియాను వేరుచేశాడు. ఆ తర్వాత పదేళ్లు తిరక్కుండానే జర్మనీలో నోబె, హిల్ట్‌నర్ దాన్ని అమ్మకానికి తెచ్చారు. అయితే అన్ని పంటలకూ ఒకటే రకం సరిపోదు. బఠాణీకి పనిచేసేది అలసందకు పనిచేయదు. పొట్లం మీద పంట పేరు చూసుకోవాలి.

విత్తిన ఐదారు వారాలకు ఒక మొక్కను తవ్వి, వేళ్లు కడిగి చూస్తాను. ఆవగింజంత బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి. ఆ రంగుంటే గాలిలోని నత్రజని మొక్కకు అందుతున్నట్టే. తెల్లగానో పచ్చగానో ఉంటే లేనట్టు. యూరియా దండిగా వేసిన మడిలో బుడిపెలు సరిగా కట్టవు.

ఈసారి పెరట్లో చిక్కుడో అలసందో పెట్టేవాళ్లు పొట్లం మీద గడువు తేదీ చూడండి. దాన్ని ఎండ తగలని చల్లటి చోట ఉంచండి. పూత పట్టించిన గింజలను మరుసటి రోజుకు దాచకుండా ఆ పూటే నాటేయండి.