లోపం పట్టినందుకూ కూలి ఇవ్వాలి

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి మోసే పాత పికప్ బండ్ల గురించి తరచూ వినిపించే ఫిర్యాదులు రెండు: పక్కకు లాగుతోంది, బ్రేకు సరిగా పట్టడం లేదు. షెడ్డులో దొరికే జవాబులూ అంతే పొట్టివి: టై రాడ్ ఎండ్లు మార్చు, లైనర్లు వేయి. బిల్లులో సామానుకు ఒక లెక్క, బిగింపుకు ఒక లెక్క ఉంటాయి. లోపం ఎక్కడుందో వెతికిన సమయానికి మాత్రం లెక్క ఉండదు. వెతికితే పైసా రాదు, మారిస్తే వస్తుంది గనుక మెకానిక్ మారుస్తాడు. అతని పనితనాన్ని తప్పుపట్టే ముందు మనం డబ్బిచ్చే పద్ధతిని చూసుకోవాలి.

వెతకడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. బండి ఎప్పుడూ లాగుతోందా, బ్రేకు తొక్కితేనే లాగుతోందా అన్నది మొదటి ప్రశ్న. ఎప్పుడూ లాగితే గాలి సరిచూసి, ముందు టైర్లను అటుదిటు మార్చాలి. లాగుడు కూడా పక్క మారితే తప్పు టైరుదే. అలైన్‌మెంట్ జోలికి పోనక్కర్లేదు. తొక్కినప్పుడే ఎడమకు పోతుంటే ముందుగా కుడి ముందు చక్రాన్ని అనుమానించాలి, బ్రేకు బాగా పట్టే వైపుకే బండి తిరుగుతుంది కాబట్టి. స్టీరింగ్‌లో ప్లే ఉంటే చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను కొంచెం కొంచెంగా కదుపుతుంటే మరొకరు కింద జాయింట్లపై చేయి వేసి చూడాలి. ఏది అరిగిందో చేతికే తెలుస్తుంది.

బ్రేకు దగ్గర మెలిక ఎక్కువ. పెడల్ వదిలినా ముందు చక్రం ఒకటి పట్టేసి వేడెక్కుతుంటే కాలిపర్ మార్చడం మామూలు. కానీ పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బితే, కాలు నెట్టిన ఆయిల్ అవతలికి పోతుంది గానీ తిరిగి రాదు. చక్రం లేపి, అది పట్టేసి ఉండగానే హోస్‌కు ముందున్న ఇనుప పైపు జాయింట్ వదులు చేయాలి. చక్రం విడిస్తే తప్పు మాస్టర్ సిలిండర్ వైపుది. విడవకపోతే బ్లీడర్ వదలాలి. అప్పుడు విడిస్తే హోస్, అప్పటికీ కదలకపోతే కాలిపర్. పని అయ్యాక గాలి తీయడం మరవకూడదు. పెడల్ రాయిలా ఉంటే ఇంజన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగకపోతే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టరే పోయింది. డీజిల్ బండికి వాక్యూమ్ ఇచ్చేది వేరే పంపు. దాన్ని చూడకుండా బూస్టర్ కొంటే డబ్బు దండగే కావచ్చు.

లోడు ఆగి ఉంటే ఇంత పరీక్ష ఎవరు చేస్తారని అడుగుతారు. స్పానరు, ఇంకో మనిషి ఉంటే చాలు. తప్పు సామాను బిగించి మళ్లీ విప్పడానికే ఎక్కువ పొద్దు పడుతుంది. పాత బండి కదా, అన్నీ మారిస్తే పీడ పోతుందన్న వాదనలో కొంత నిజముంది. లైనర్లు రెండు వైపులా కలిపే మార్చాలి. అయితే వీల్ సిలిండర్ కారుతున్న సంగతి పట్టుకోకపోతే కొత్త లైనర్లు కూడా ఆయిల్‌లో తడుస్తాయి. అనుభవమున్న మేస్త్రీ శబ్దం వినే చెప్పేస్తాడన్నదీ కాదనలేం. ఆ అనుభవం ఏ పరీక్ష ముందు చేయాలో చెబుతుంది. రుజువు చేసేది పరీక్షే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంది కదా అంటారు. అది బండి ఆ రోజు రోడ్డుకు తగినదో కాదో తేలుస్తుంది, లోపానికి మూలం వెతకడం దాని పని కాదు.

మందు రాయకపోయినా డాక్టరుకు ఫీజు ఇస్తాం. మెకానిక్‌కు కూడా చెకింగ్ చార్జీ ముందే మాట్లాడుకోవాలి, సామాను మార్చినా మార్చకపోయినా ఇవ్వాలి. అలా ఇచ్చిన ఓనరుకే, ఈ పార్టు ఎందుకు మార్చావు, ఏ పరీక్షలో తేలింది అని అడిగే హక్కు ఉంటుంది.