విమానం దిగకముందే వాల్చాల్సిన మంచం

ఫోను ఎక్కువగా అర్ధరాత్రే వస్తుంది. గల్ఫ్‌లో డ్యూటీ దిగి రూముకి చేరేసరికి ఇక్కడ ఊరు నిద్రపోయి ఉంటుంది. "వదినా, కంగారుపడకు. అన్నకి కాస్త ఒంట్లో బాగోలేదు" అంటాడు రూమ్మేటు. ఆ 'కాస్త' వెనక పక్షవాతం ఉండొచ్చు, పరంజా మీంచి పడి విరిగిన నడుమూ ఉండొచ్చు. శ్రీకాకుళం జిల్లా సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డర్లుగా, రిగ్గర్లుగా, ఫిట్టర్లుగా వెళ్లినవాళ్ల ఇళ్లకి ఈ ఫోను కొత్త కాదు.

తర్వాతి ప్రశ్న బీమా. పదో తరగతి పాసవ్వని కూలీ ఎమిగ్రేషన్ అనుమతితో గల్ఫ్‌కి వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. పది పాసైనవాడికి ఆ అనుమతీ అక్కర్లేదు, ఆ పాలసీ తప్పనిసరీ కాదు. చదువుకున్నందుకు దక్కిన విచిత్రమైన బహుమతి ఇది! విజిట్ వీసా మీద ఎక్కించే ఏజెంటు దాని ఊసే ఎత్తడు. యూఏఈలో 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ యజమానే ఆరోగ్య బీమా కట్టాలి. కానీ కంపెనీ వదిలేసి 'ఖల్లివల్లి' అయినవాడి చేతిలో ఏ కార్డూ ఉండదు.

అక్కడ జీతమిచ్చి నర్సును పెట్టుకోవడం కూలీకి అయ్యే పని కాదు. కాబట్టి రూములోవాళ్లే వంతులేసుకుని అన్నం తినిపిస్తారు, ఒళ్లు తుడుస్తారు, మళ్లీ డ్యూటీకి పరుగెడతారు. ఇక ఇంటికి తీసుకురావడమే దారి. రాయబార కార్యాలయాల దగ్గర 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. దిక్కులేనివాళ్ల అత్యవసర వైద్యానికి, టికెట్టుకి అందులోంచి సాయం అడగొచ్చు. స్ట్రెచర్ మీద తేవాలంటే విమానంలో ఆరు నుంచి తొమ్మిది సీట్లు పోతాయి. రోగి ప్రయాణానికి తట్టుకుంటాడని డాక్టరు రాసిచ్చిన కాగితం లేకుండా ఎక్కించుకోరు. హైదరాబాద్‌లో దిగితే అక్కడి నుంచి సోంపేటకి రోడ్డు మీద 800 కిలోమీటర్లకు పైనే. అంబులెన్స్ కోసం ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీఎస్‌ను అడగడం కూడా టికెట్టు తీసే రోజే జరగాలి.

చుట్టాలందరి ఆలోచనా విమానం దగ్గరే ఆగిపోతుంది. అసలు పని ఆ తర్వాతే. మంచం ఏ గదిలో? గాలిపరుపు వచ్చిందా? రాత్రి రెండింటికి లేచి పక్కకి తిప్పేదెవరు? కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి పుండవుతుంది. మూత్రం సంచి మంచం కన్నా కిందికి వేలాడాలి, అలాగని నేలకి తగలకూడదు. ముక్కు గొట్టంలో చోడి అంబలి పోయొచ్చు, గుడ్డలో వడగట్టి పల్చగా చేస్తేనే. పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలి, పోశాక మంచినీళ్లతో గొట్టం కడగాలి. ఇవేవీ పెద్ద చదువులు కావు. డిశ్చార్జి రోజున నర్సు పక్కన నిలబడి ఒక్కసారి చేసి చూపించమంటే వచ్చేస్తాయి. అలా అడిగేవాళ్లే తక్కువ.

ఇంకో మాట. ఈ చాకిరీ అంతా భార్య మీదో తల్లి మీదో పడుతుంది, ఆమె జీడితోటల్లో కూలి మానుకుని చేస్తుంది. ఆ పోయిన కూలిని ఖర్చుల్లో ఎవరూ రాయరు.

మంచాన పడ్డవాళ్లకి ఉపశమన సేవ అందించేందుకు కోజికోడ్‌లో 1993లో పుట్టిన పాలియేటివ్ కేర్ సొసైటీ దారిలో కేరళ ఊళ్లు వలంటీర్లను తయారుచేసుకున్నాయి. నర్సుతోపాటు ఇరుగుపొరుగు కూడా రోగి గుమ్మం ఎక్కుతారు. మన దగ్గర అంత లేదు. అయితే 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ భరోసా కింద పక్షవాతంతో మంచాన పడ్డవారికి నెలకు 15,000, డయాలసిస్ రోగులకు 10,000 పెన్షన్ ఉంది. సోంపేట, కవిటి ఉన్న ఈ ఉద్దానం ప్రాంతపు మనిషి కిడ్నీ జబ్బుతో తిరిగొస్తే పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది. ఎక్కడికెళ్లినా ముందు అడిగేది విదేశీ ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాలే. చాలాసార్లు అవి గల్ఫ్ రూములోనే ఉండిపోతాయి.

మీ ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే పాస్‌పోర్టు, వీసా, పాలసీ, కంపెనీ ఫోన్ నంబరు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టమని ఈ రాత్రే చెప్పండి.